కుడి నుంచి ఎడమకు

ఆ ఆదివారం పొద్దున రవిశంకర్ పెట్టుకున్న పనులు రెండే. కాఫీ తాగి తన బొమ్మల కథను ఈబుక్ స్టోరులో పెట్టెయ్యాలి. తర్వాత రైతుబజారుకు వెళ్ళి ఉమాకుమారి చెప్పిన కూరలు తేవాలి. మొదటిది చిటికెలో అయిపోతుందనీ, లేత బెండకాయలు ఏరడానికే ఎక్కువసేపు పడుతుందనీ అనుకున్నాడు.

ఏలూరులో ఉండే రవిశంకర్ పక్కనున్న వట్లూరులో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగు మాస్టారు. ఉమాకుమారి ఏలూరులోనే ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం చేస్తోంది. ఏడాదిగా అతను స్కూలు నుంచి రాగానే కంప్యూటరు ముందు కూర్చుని ఒక కథను బొమ్మలుగా గీస్తున్నాడు. రంగుల్లో అచ్చు వేయించే తాహతు లేదు గనక, ఫోన్లో చదువుకునే పుస్తకంగా తేవాలనుకున్నాడు. ముందు దాన్ని యాప్‌గా చేయించి యాప్ స్టోరుకు పంపాడు. వాళ్ళు వాడి చూసేవాళ్ళను కొందరిని చూపించమన్నారు. స్టాఫ్‌రూములో అందరినీ బతిమాలి, ఎదురింటి వాళ్ళను కూడా కలుపుకుని లెక్క సరిపెట్టాడు. చివరికి స్టోరు నుంచి జవాబు వచ్చింది. ఈ యాప్ పేజీలు తిప్పడం తప్ప మరేమీ చేయడం లేదు గనక తీసుకోలేమని.

"పేజీలు తిప్పడం కాక పుస్తకం ఇంకేం చేస్తుంది ఉమా?" అని రవిశంకర్ రెండు రోజులు బాధపడ్డాడు.

ఆ తర్వాత ఈబుక్ స్టోరు మీద పడ్డాడు. అక్కడ తెలుగు అక్షరాలు ముక్కలైపోయాయి. "క్షమించు" అన్న మాటలో "క" ఒకచోట, దాని కింది ఒత్తు ఒకచోట, మధ్యలో ఖాళీ డబ్బా ఒకటి వచ్చాయి. చేసేది లేక మాటలన్నీ చేత్తోనే రాసి బొమ్మల్లో కలిపేశాడు. ఫోన్లో అక్షరాలు చిన్నవైపోతున్నాయని, పేజీకి ఒక్క బొమ్మ చొప్పున మళ్ళీ మొత్తం గీశాడు. ఇంత పట్టుదలకి కారణం పుస్తకాల మీద ప్రేమ ఒక్కటే కాదు, తాడేపల్లిగూడెంలో ఉన్న పద్మనాభం.

పద్మనాభం ఉమాకుమారికి అన్నగారు. గూడెంలో ఉల్లిపాయల హోల్‌సేలు వ్యాపారి. అంతకంటే ముందు అతను రవిశంకర్‌కి డిగ్రీలో స్నేహితుడు. ఒకే బెంచీ మీద మూడేళ్ళు కూర్చున్నాక, పట్టుబట్టి చెల్లెల్ని అతనికిచ్చి పెళ్ళి చేశాడు. అప్పటి నుంచి ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు. నాలుగేళ్ళ కిందట చలికాలంలో రెండు కుటుంబాలూ కలిసి కొల్లేటి పక్షుల్ని చూడటానికి ఆటపాక వెళ్ళాయి. పులిహోర డబ్బాలతో సహా అందరూ పడవెక్కారు. నడి నీళ్ళలో ఎవరో లేచి నిలబడ్డారు. పడవ ఒరిగింది. పద్మనాభం నీళ్ళలో పడ్డాడు.

ఎవరు లేచారన్నది మాత్రం తేలలేదు. ఫోటో కోసం రవిశంకరే లేచాడని పద్మనాభం అన్నాడు. కూతురికి గూడు చూపించడానికి పద్మనాభమే లేచాడని రవిశంకర్ అన్నాడు. పడవ నడిపిన వీర్రాజును అడిగితే, "ఆయ్, నేను గెడ ఏత్తన్నానండి. ఎనక్కి చూళ్ళేదండి" అన్నాడు. నీళ్ళు నడుము లోతే. ప్రాణానికి ఏ ప్రమాదమూ లేదు. కానీ పద్మనాభం నెత్తిమీద గుర్రపుడెక్కతో పైకి లేచినప్పుడు రవిశంకర్‌కి నవ్వు ఆగలేదు. అతను నవ్వాడని పక్క పడవలో వాళ్ళూ నవ్వారు. అప్పటి నుంచి బావా అన్న పిలుపు పోయింది. తప్పనిసరై ఫోను చేసినా పద్మనాభం, "రవిశంకర్ గారు ఉన్నారాండీ" అని అడిగేవాడు. అంత మర్యాదను భరించడం కంటే రెండు తిట్లు తినడం నయమనిపించేది రవిశంకర్‌కి.

ఇప్పుడు పద్మనాభం కూతురు సింధూరికి సంబంధం కుదిరింది. నిశ్చితార్థం దగ్గర పడుతోంది. మేనత్తకు పిలుపు రాలేదు. ఉమాకుమారి బీరువాలోంచి పట్టుచీర తీసి, మడత మార్చి, మళ్ళీ బీరువాలో పెట్టింది. అది చూశాకే రవిశంకర్ పుస్తకం పని తొందర చేశాడు. అది బావ చేతికి అందితే మంచు కరుగుతుందని అతని నమ్మకం.

కథ ఇదీ. గూడబాతు, నీటికాకి బావాబావమరుదులు. గూడబాతు నీటికాకి గుమ్మంలో నిలబడి, రెక్కలు జోడించి, "నువ్వు లేకపోతే నాకేమీ తోచదు, రా బావా" అని సరస్సు షికారుకు పిలుస్తుంది. ఇద్దరూ పడవలో పులిహోర తింటారు. ఇంతలో నీటికాకి లేచి నిలబడుతుంది. "కూర్చో బావా" అంటుంది గూడబాతు. వినకుండా నీటికాకి నీళ్ళలో పడుతుంది. పక్షులన్నీ నవ్వుతూ ఉండగా గూడబాతు దాని మెడ ముక్కున కరిచి పైకి లాగుతుంది. నీటికాకి అలిగి ఒక గుంజ మీద ఒంటరిగా కూర్చుంటుంది. ఆఖరి బొమ్మలో నీటికాకి గూడబాతు ఇంటికి వచ్చి తల వంచి, "తప్పు నాది బావా, నన్ను క్షమించు" అంటుంది. గూడబాతు దాన్ని గుండెకు హత్తుకుంటుంది. ఈ కథ చదివితే బావ కరిగిపోతాడని రవిశంకర్ ఎందుకనుకున్నాడో చెప్పడం కష్టం. ఏడాదిపాటు గీస్తూ గీస్తూ తన గూడబాతు మీద అతనికి చాలా గౌరవం పెరిగిపోయింది.

ఆదివారం పొద్దున ఫారం నింపుతూ నింపుతూ అతను ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాడు.

"ఏవండీ, ఇంకా అవలేదా? బజారులో మంచివన్నీ అయిపోతాయి" అంది ఉమాకుమారి వంటింట్లోంచి.

"ఒక్కటే మిగిలింది. పేజీ ఎటు నుంచి ఎటు తిరుగుతుందని అడుగుతున్నాడు."

"ఎటు తిరుగుతుందేమిటండీ?"

రవిశంకర్ అలమారలోంచి పంచాంగం తీసి ఒక పేజీ తిప్పి చూశాడు. కుడిచేత్తో కుడి అంచు పట్టుకుంటే కాగితం ఎడమ పక్కకు వెళ్ళింది. ఇంకోసారి తిప్పాడు. మళ్ళీ అలాగే వెళ్ళింది.

"కుడి నుంచి ఎడమకు కదూ?"

ఉమాకుమారి గుమ్మంలోకి వచ్చి ఆ తిప్పడం చూసింది. "అంతేగా. అందరూ అలాగే తిప్పుతారు."

రవిశంకర్ దానిమీదే నొక్కాడు. అది కుడి నుంచి ఎడమకు చదివే భాషల కోసం పెట్టిన ఏర్పాటని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. స్టోరు సాఫ్ట్‌వేరు బుద్ధిగా ఆఖరి బొమ్మను ముందుకూ, మొదటి బొమ్మను ఆఖరికీ సర్దేసింది. ఒకసారి చూసుకోండి అని కూడా అడిగింది. రవిశంకర్ చూశాడు. అట్ట విడిగా పంపింది గనక అది ఉండవలసిన చోటే ఉంది. అట్టమీద తన పేరు తప్పుల్లేకుండా ఉంది. ఇంకేం కావాలనుకుని పంపే బొత్తాం నొక్కి, సంచీ పట్టుకుని బజారుకు వెళ్ళాడు. బెండకాయలు లేతవే దొరికాయి.

వారం మధ్యలో పుస్తకం స్టోరులోకి వచ్చింది. రవిశంకర్ ఆ లింకును వెంటనే సింధూరికి పంపి, "మీ నాన్నకి చూపించమ్మా, నేను పంపానని చెప్పు" అని రాశాడు. స్టాఫ్‌రూములో అట్ట అందరికీ చూపించాడు. అందరూ బాగుందన్నారు. తర్వాత కొంటామన్నారు. సాయంత్రానికి ఎవరో ముక్కూ మొహం తెలియని పాఠకుడు ఒక్క నక్షత్రం ఇచ్చి అభిప్రాయం కూడా రాశాడు: "బొమ్మలు బాగున్నాయి. కథ అర్థం కాలేదు. క్షమించమని అడిగాక మెడ పట్టుకుని నీళ్ళలో ముంచుతారా?"

రవిశంకర్ అది రెండుసార్లు చదివి, మొదటిసారిగా తన పుస్తకాన్ని తనే ఫోన్లో తెరిచాడు.

తెరవగానే నీటికాకి తల వంచి క్షమించమంటోంది. తర్వాత గుంజ మీద ఒంటరిగా ఉంది. తర్వాత పక్షులన్నీ నవ్వుతుండగా గూడబాతు దాని మెడ ముక్కున కరిచి నీళ్ళమీద ఆడిస్తోంది. ఆ తర్వాతి బొమ్మలో నీటికాకి నీళ్ళలో ఉంది. రవిశంకర్ మిగిలిన పేజీలు చూడలేదు. వంటింట్లోకి వెళ్ళి, "ఉమా, మీ అన్నయ్య పీక పట్టుకుని ముంచేశాను" అన్నాడు.

కూర కలుపుతున్న ఉమాకుమారి గరిట పక్కన పెట్టింది. సంగతంతా విని, "అన్నయ్య చూశాడో లేదో. ముందు దాన్ని సరిచెయ్యండి" అంది.

రవిశంకర్ కంప్యూటరు తెరిచి, ఎడమ నుంచి కుడికి అని మార్చి పంపాడు. మీ మార్పులు పరిశీలనలో ఉన్నాయని స్టోరు చెప్పింది. సరిగ్గా అప్పుడే అతని ఫోను మోగింది. తెరమీద పద్మనాభం పేరు. రవిశంకర్ ఫోను భార్య చేతిలో పెట్టబోయాడు. ఆమె తీసుకోలేదు.

"హలో" అన్నాడు.

"ఏరా బావా" అన్నాడు పద్మనాభం.

రవిశంకర్ కుర్చీలో కూర్చున్నాడు.

"పుస్తకం చూశానురా. మధ్యాహ్నం నుంచి చూస్తూనే ఉన్నాను. కొట్లో బేరాలు కూడా సరిగ్గా చూళ్ళేదు. మొదటి బొమ్మలోనే నాచేత తప్పు నాదనిపించావు చూడు, అక్కడే పడిపోయాను నేను. చెయ్యని తప్పుకి కూడా ముందు నేనే తగ్గానని చూపించావు. నా పెద్దరికం నిలబెట్టావు."

"బావా, అదేమిటంటే…"

"నువ్వు మాట్లాడకు. ఆ తర్వాత అసలు సంగతి మొత్తం గీసేశావు. నన్ను మెడ పట్టుకుని ముంచినట్టూ, లోకమంతా నవ్వినట్టూ. తన తప్పు తనే అలా బొమ్మ కట్టి చూపించాలంటే ఎంత గుండె ఉండాలి. మళ్ళీ నన్ను పడవలోకి ఎక్కించి, కూర్చో బావా అని మర్యాద చేసి, పులిహోర పెట్టి, ఆఖర్న మా గుమ్మంలో రెక్కలు జోడించి నిలబడ్డావే… నువ్వు లేకపోతే నాకేమీ తోచదని… మా చంద్రావతి కళ్ళు తుడుచుకుందిరా."

రవిశంకర్ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, రెండో చేత్తో కంప్యూటరులో పుస్తకాన్ని ఆఖరిదాకా తిప్పాడు. బావ చెప్పినట్టే ఉంది. వెనక నుంచి చదివితే అది వేరే కథ. అందులో గూడబాతు తప్పు చేసింది, సిగ్గుపడింది, వెళ్ళి గుమ్మంలో నిలబడింది. తను గీసిన దానికంటే అదే బాగుందని అతనికి తోచింది. తోచినందుకు కొంచెం బాధ కూడా కలిగింది.

"నన్ను నీటికాకిని చేశావని సింధూరి నవ్వింది. చేస్తే చేశాడు, నల్లగా ఉన్నా ముచ్చటగా ఉన్నానన్నాను" అని పద్మనాభం నవ్వాడు. నాలుగేళ్ళ తర్వాత ఆ నవ్వు వినడం. "రేపు మేం వస్తున్నాం. ఉమకి బొట్టు పెట్టి పిలవాలి. ఉంటాను బావా."

మర్నాడు పద్మనాభం, అతని భార్య చంద్రావతి వచ్చారు. కారు డిక్కీలోంచి ఒక బస్తా ఉల్లిపాయలు దిగాయి. చంద్రావతి ఆడపడుచుకి బొట్టు పెట్టి, చీర చేతిలో పెట్టి, "తెల్లారేసరికి అక్కడుండాలి వదినా. మీరు లేకుండా పళ్ళేలు సర్దను" అంది. ఇద్దరూ వంటింట్లోకి వెళ్ళారు. అక్కడి నుంచి ఉమాకుమారి నవ్వు వినిపించింది. ఆమె అలా నవ్వగలదని రవిశంకర్ మరిచిపోయాడు.

"హాల్లో పెద్ద తెర పెట్టిస్తున్నాను" అన్నాడు పద్మనాభం కాఫీ తాగుతూ. "పెళ్ళివారందరికీ నీ పుస్తకం చూపిస్తాను. బొమ్మబొమ్మకీ నేనే మైకులో చెబుతాను. నువ్వు అందులో ఒక్క గీత కూడా మార్చకు సుమా."

రవిశంకర్ మంచినీళ్ళ వంకతో వంటింటి గుమ్మంలోకి వెళ్ళాడు. ఉమాకుమారి అతని మొహం చూసి పెరట్లోకి పిలిచింది.

"ఇప్పుడే చెప్పెయ్యండి. ఇలా జరిగింది బావా అని చెప్పండి. మంచి ఊపులో ఉన్నాడు, నవ్వేసి ఊరుకుంటాడు."

"చెబుతాను. ఎంగేజ్‌మెంటు కానియ్యి. ఈలోగా స్టోరు వాళ్ళని ఆపమంటాను."

"ఆపకపోతే?"

"ఎందుకాపరు? మన పుస్తకమే కదా."

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఆ గంటలో, బావ ఎదురుగా కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నప్పుడు, చెప్పడం ఎంతో తేలిక. తర్వాత ఎప్పుడు తలుచుకున్నా రవిశంకర్‌కి ఆ పెరడే గుర్తొస్తుంది. అప్పుడు మాత్రం అతనికి బావా అన్న పిలుపు మళ్ళీ పోతుందేమోనన్న భయం తప్ప ఇంకేమీ కనిపించలేదు.

వాళ్ళ కారు వీధి మలుపు తిరగగానే రవిశంకర్ స్టోరుకు ఇంగ్లీషులో మెయిలు రాశాడు. దాని సారం ఇది: "అయ్యా, నేను నిన్న పంపిన మార్పును దయచేసి అమలు చేయవద్దు. నా తప్పును సరిచేయవద్దు."

వెంటనే జవాబు వచ్చింది. "మీ పుస్తకంలో తప్పు వల్ల మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాం. దాన్ని సరిచేసే పనిని వేగవంతం చేశాం."

రవిశంకర్ మళ్ళీ రాశాడు. "వేగవంతం చేయవద్దు. పుస్తకం తప్పుగా ఉండటమే నాకు సరిగ్గా ఉంది."

ఈసారి ఇంకొకరు రాశారు. "అంతా సరిగ్గా ఉందని తెలియజేసినందుకు కృతజ్ఞతలు."

పుస్తకాన్నే తీసేద్దామని చూశాడు. పరిశీలన జరుగుతుండగా తీయడం కుదరదంది స్టోరు. హెల్ప్‌లైనుకు ఫోను చేస్తే ఒక అమ్మాయి ఎంతో ఓపిగ్గా మాట్లాడింది. పేజీలు తిరగేసి ఉండాలని మీరు కోరుకుంటున్నారా సార్ అని అడిగింది. అవునన్నాడు. కారణం తెలుసుకోవచ్చా అంది. రవిశంకర్ పడవ దగ్గర మొదలుపెట్టి, నిశ్చితార్థం దాకా చెప్పాడు. ఆమె అంతా విని, పేజీలు తిరగబడ్డాయన్న మీ ఫిర్యాదు నమోదు చేశాను సార్ అంది.

నిశ్చితార్థానికి ముందురోజు మధ్యాహ్నం, స్కూల్లో డ్రాయింగు క్లాసు నడుస్తుండగా, మీ పుస్తకం సరిదిద్దబడింది అని మెయిలు వచ్చింది. రవిశంకర్ పిల్లల్ని మామిడిపిందె వెయ్యమని, వరండాలోకి వచ్చి సింధూరికి ఫోను చేశాడు.

"అమ్మా, మీ నాన్న ట్యాబులో నా పుస్తకం పాతదే ఉందా?"

"ఉంది మామయ్యా. నిన్న కూడా ఎవరికో చూపించారు."

"దానికి నెట్ తీసెయ్యి తల్లీ, లేకపోతే కొత్తది దానంతటదే వచ్చేస్తుంది. కొత్తదాంట్లో రంగులు సరిగ్గా రాలేదు. రేపు నాన్న పాతదే చూపించాలి."

"రంగులకేముంది మామయ్యా, పర్లేదులెండి."

"పరువు సంగతమ్మా" అన్నాడు రవిశంకర్. అది మాత్రం నిజం.

సింధూరి నెట్ తీసేసింది. తీసేసి ట్యాబును తన పెట్టెలోనే పెట్టుకుంది. రవిశంకర్ కాస్త ఊపిరి పీల్చుకున్నాడు.

నిశ్చితార్థం గూడెంలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. ఉమాకుమారి పొద్దున్నే పళ్ళేలు సర్దింది. తాంబూలాలు మార్చుకున్నాక మేనకోడలి పక్కన కూర్చుని తల్లో పూలు సరిచేసింది. పద్మనాభం బావను చెయ్యి పట్టుకుని తిప్పి, కొట్టు భాగస్థుల దగ్గర నుంచి పెళ్ళికొడుకు తాతగారి దాకా పేరుపేరునా పరిచయం చేశాడు. "మా బావ. ఆర్టిస్టు. నామీద పుస్తకం వేశాడు" అన్నాడు ప్రతి ఒక్కరితోనూ. రవిశంకర్ ప్రతి ఒక్కరికీ నమస్కారం పెట్టాడు.

భోజనాలకు ముందు పద్మనాభం మైకు అందుకున్నాడు. సింధూరి పెట్టెలోంచి ట్యాబు వచ్చింది. కానీ తెరకు తగిలించే వైరు దానికి పట్టలేదు. ఇంకో వైరు తెచ్చారు. అదీ పట్టలేదు. హాలు మనిషి వచ్చి చూసి, ఇది పాత మోడలండీ, దీనికి అవదండీ అన్నాడు. రవిశంకర్‌కి ఆ హాలు మనిషిని దగ్గరకు తీసుకోవాలనిపించింది.

పెళ్ళికొడుకు పృథ్వీ వేదిక మీద నుంచి లేచాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. మామగారికి ఏదైనా సాయం చేసి మంచి పేరు తెచ్చుకోవాలని పొద్దున్నుంచీ చూస్తున్నాడు.

"ఉండండి మామయ్య గారూ. నా లాప్‌టాపులో కొత్త కాపీ కొని పెడతాను. రచయిత గారికి కూడా గౌరవంగా ఉంటుంది."

"వద్దు బాబూ" అన్నాడు రవిశంకర్ లేచి. "భోజనాలకి ఆలస్యమైపోతుంది. పెద్దవాళ్ళున్నారు."

"మా బావకి మొహమాటం ఎక్కువ" అని పద్మనాభం మైకులో అన్నాడు. జనం మర్యాదగా నవ్వారు. ఆ నవ్వు ఆగేలోగా పుస్తకం తెరమీదకు వచ్చేసింది.

మొదటి బొమ్మలో గూడబాతు రెక్కలు జోడించి నిలబడి ఉంది. పద్మనాభం ఒక క్షణం తెరవైపు వింతగా చూశాడు. "ఇది ఆఖర్న రావాలి. సరేలెండి, ఈయన మా బావ. ఈ నీటికాకి నేను" అన్నాడు. పడవ వచ్చింది. పులిహోర వచ్చింది. పద్మనాభం తనకు గుర్తున్న కథ చెప్పుకుంటూ పోతున్నాడు. "ఇప్పుడు చూడండి, నేను కూర్చునే ఉంటాను, మా బావ ఏం చేస్తాడంటే…" అంటూ ఉండగా తెరమీద నీటికాకి లేచి నిలబడింది. గూడబాతు కూర్చో బావా అని బతిమాలుతోంది. తర్వాతి బొమ్మలో నీటికాకి తలకిందులుగా నీళ్ళలో ఉంది. పెళ్ళివారి వైపు పిల్లలు పకపకా నవ్వారు. తర్వాత తెరనిండా నవ్వుతున్న పక్షులు. దాంతో పెద్దవాళ్ళు కూడా నవ్వారు. పెళ్ళికొడుకు తాతగారు దగ్గుతూ నవ్వారు.

పద్మనాభం చెబుతున్న కథ ఆపేశాడు. కానీ మైకు చేతిలో ఉంది, జనం ఎదురుగా ఉన్నారు, పృథ్వీ ఉత్సాహంగా బొమ్మలు మారుస్తున్నాడు. ఏ బొమ్మలో ఏ మాట కనిపిస్తే అదే చదవడం మొదలుపెట్టాడు. గుంజ మీది నీటికాకి అయిపోయింది. ఆఖరి బొమ్మ వచ్చింది. చదువుతున్న ఊపులో అదీ చదివేశాడు.

"తప్పు నాది బావా, నన్ను క్షమించు."

హాలంతా చప్పట్లు కొట్టింది. ఇలాంటి బావలు ఎంతమందికి ఉంటారని ఎవరో అన్నారు. పద్మనాభం మైకును మెల్లగా బల్ల మీద పెట్టి, భోజనాలు వడ్డిస్తున్నారండీ, రండి అని అందరికీ చేతితోనే చూపించాడు.

రవిశంకర్ అతన్ని వంటశాల పక్క వరండాలో పట్టుకున్నాడు. పద్మనాభం కూరల గంగాళాల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"బావా" అన్నాడు రవిశంకర్.

"సరైనది ఏదండీ?" అన్నాడు పద్మనాభం, అటువైపు నుంచి తల తిప్పకుండానే. "ఇదా? నేను చూసిందా?"

అబద్ధం చెప్పడానికి రవిశంకర్ నోరు తెరిచాడు. కానీ అప్పటికే చాలా చెప్పాడు. "నేను వేసింది ఇదే బావా. నువ్వు చూసింది పొరపాటున అలా వచ్చింది."

"పొరపాటుననా" అని పద్మనాభం తల ఊపాడు. కోపం లేదు అతని మొహంలో. కోపం ఉంటే బాగుండుననిపించింది రవిశంకర్‌కి. "నేను చంద్రావతికి కూడా చెప్పానండీ, మనిషి మారాడని."

"అది చూశాకే తెలిసింది బావా, నేను గీయవలసింది అదేనని. నిజంగా. నీ దగ్గరకి వచ్చి చెప్పవలసింది. ఆరోజు కాఫీ తాగుతున్నప్పుడే చెప్పవలసింది. నవ్వకుండా ఉండవలసింది, అసలు."

లోపలి నుంచి ఎవరో పద్మనాభాన్ని పిలిచారు.

"భోజనం చేసి వెళ్ళండి రవిశంకర్ గారూ. పనసపొట్టు కూర బాగా కుదిరిందటండీ" అని లోపలికి వెళ్ళిపోయాడు.

పనసపొట్టు కూర నిజంగానే బాగుంది. రవిశంకర్‌కి ముద్ద దిగలేదు.

సాయంత్రం ఏలూరు వెళ్ళే రైల్లో ఉమాకుమారి కిటికీ పక్కన కూర్చుంది. వదిన ఆమెకు స్వీట్ల పెట్టె ఇచ్చింది గానీ, మళ్ళీ ఎప్పుడొస్తారని అడగలేదు. చాలాసేపటి తర్వాత రవిశంకర్, "నీ మాట విని ఉండవలసింది" అన్నాడు.

ఆమె స్వీట్ల పెట్టె అతనికి అందించింది. ఇంకొంచెం దూరం పోయాక, "పడవలో ఇద్దరూ లేచారండీ" అంది.

"ఆఁ?"

"ఇద్దరూ ఒక్కసారే లేచారు. నేను ఎదురుగానే కూర్చున్నాను. మీరు ఫోటోకి, అన్నయ్య గూడు చూపించడానికి."

"నాలుగేళ్ళ నుంచి ఎప్పుడూ చెప్పలేదేం ఉమా?"

"నన్ను అడిగితే కదండీ. మీ అన్నయ్యే లేచాడు కదూ అని మీరు అడిగారు. మీ ఆయనే లేచాడు కదూ అని అన్నయ్య అడిగాడు. ఎవరు లేచారని ఎవరూ అడగలేదు."

రైలు చేల మధ్య నుంచి పోతోంది. రవిశంకర్ స్వీట్ల పెట్టెను ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఇద్దరూ లేచిన పడవ బొమ్మ ఒకటి అతనికి కళ్ళముందు మెదిలింది. గీయడం ఏమంత కష్టం కాదు. ఏడాదంతా అది ఎందుకు తట్టలేదో అతనికి తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే కంప్యూటరు ముందు కూర్చుని, పుస్తకాన్ని మళ్ళీ కుడి నుంచి ఎడమకు అని మార్చాడు. బావ ఎప్పుడైనా ఒంటరిగా తెరిచి చూస్తే, తను మొదట చూసిన కథే కనిపించాలని అతని కోరిక. ఈసారి స్టోరు ఒప్పుకోలేదు. మీ పుస్తకం తెలుగులో ఉంది గనక ఈ దిశ దానికి సరిపోదు, పొరపాటు జరగకుండా మేమే ఆపేశాం అని రాసింది. కొత్త బొమ్మ కలిపి పంపుతానంటే, మొత్తం పుస్తకాన్ని మళ్ళీ మొదటి నుంచి పరిశీలించాలంది. రవిశంకర్ కొత్త బొమ్మ మొదలుపెట్టాడు. రెండు పక్షులూ లేచి నిలబడ్డాయి. పడవ ఇంకా గీయాలి.

నెల తిరక్కుండానే సింధూరి పెళ్ళి శుభలేఖ కొరియర్లో వచ్చింది. పైన శ్రీ రవిశంకర్ గారికి అని ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. ఉమాకుమారి దాన్ని పసుపు చెరగకుండా దేవుడి దగ్గర పెట్టి ఆఫీసుకు వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమే స్టోరు నుంచి ఒక మెయిలు వచ్చింది. మీ సమస్యను మేము పరిష్కరించిన తీరు ఎలా ఉందో తెలపమని కోరారు. రవిశంకర్ కాసేపు ఆలోచించి, 'చాలా బాగుంది' అన్నదాని మీద నొక్కాడు. పేజీలు సరిచేయమని అతను మొదట అడిగిందే వాళ్ళు చేశారు.